వడ్ల మిల్లు సమస్యను గణితంలోకి దించడం ఎలా: ఎమ్మెస్సీ, పీహెచ్‌డీ విద్యార్థులకు అడుగడుగు మార్గదర్శి

క్లాసులో సమస్య తయారుగా వస్తుంది. సమీకరణం ఇస్తారు, హద్దులు ఇస్తారు, సాధించమంటారు. మిల్లులో అవేవీ ఉండవు. సేటు చెప్పేది ఒక్కటే: "డ్రయ్యర్ లేటయితుంది. వేడి పెంచితే నూక వస్తుంది. ఏం జేయమంటరు?" ఈ మాటను లెక్కగా మార్చి, లెక్కను మళ్లీ సేటు చేయగలిగే పనిగా మార్చడమే ఇక్కడి విద్య. మధ్యలో వచ్చే అవకలన సమీకరణం అందులో చిన్న భాగమే.

వరంగల్‌లో చదివే గణిత విద్యార్థికి పరిశ్రమ కోసం ఎక్కడికో పోవాల్సిన పని లేదు. ఎనుమాముల మార్కెట్ చుట్టూ మిర్చి కోల్డ్ స్టోరేజీలు, జిన్నింగ్ మిల్లులు ఉన్నాయి. కరీంనగర్, పెద్దపల్లి దారి పట్టుకుంటే బాయిల్డ్ రైస్ మిల్లులు వస్తాయి, అంటే వడ్లను నానబెట్టి, ఆవిరితో ఉడికించి, ఆరబెట్టి ఆడించే ఉప్పుడు బియ్యం మిల్లులు. భూపాలపల్లి, గోదావరిఖని వైపు సింగరేణి బొగ్గు ఉంది. ఇక్కడ బాయిల్డ్ మిల్లు డ్రయ్యర్‌ను ఒక్కదాన్నే తీసుకుని మొదటి నుంచి చివరి దాకా లెక్క నడిపిద్దాం. యాసంగి వడ్లను ఎండాకాలం కోత వల్ల పచ్చిబియ్యంగా ఆడిస్తే నూక ఎక్కువ పడుతుంది. అందుకే మన దగ్గర ఉప్పుడు బియ్యం మిల్లులు ఇన్ని. డ్రయ్యర్ ఆగితే మిల్లంతా ఆగినట్టే.

జట్టు, సమయం

నలుగురైదుగురు చాలు. ఒకరికి కొలతలు, ఒకరికి లెక్క, ఒకరికి కోడ్, ఒకరికి రాత. అయితే మొదటి రోజు మాత్రం అందరూ మిల్లుకు పోవాలి. డ్రయ్యర్ చూడకుండా కోడ్ రాసేవాడు తప్పు సమస్యకు చక్కటి జవాబు రాస్తాడు. 1968లో ఆక్స్‌ఫర్డ్‌లో అలన్ టేలర్, లెస్లీ ఫాక్స్ మొదలుపెట్టిన పరిశ్రమ అధ్యయన బృందాల పద్ధతి ఇప్పటికీ బాగా పనిచేస్తుంది: సోమవారం కంపెనీవాళ్లు సమస్య చెబుతారు, శుక్రవారం గణితంవాళ్లు జవాబు చెబుతారు. మన దగ్గర కొలతలు కూడా మనమే తీయాలి కాబట్టి పది రోజులు పెట్టుకోండి.

మిల్లు నిండా నడిచే రోజుల్లో సేటుకు మాట్లాడే తీరిక ఉండదు, తీరికగా ఉన్న రోజుల్లో డ్రయ్యర్ నడవదు. ముందు నెలలో మాట్లాడి ఉంచుకుని సీజన్‌లో కొలవండి.

ఫిర్యాదు నుంచి ప్రశ్న రాబట్టడం

"మీ సమస్య ఏంటి సార్?" అని అడిగితే పది సమస్యలు వస్తాయి, కరెంటు బిల్లుతో సహా. దానికంటే ఈ ప్రశ్న మేలు: "మేం ఒక నంబర్ చెప్తే, దాన్ని చూసి మీరు ఏం మారుస్తరు?" సేటు మార్చగలిగేవి నాలుగే ఉంటాయి: వేడిగాలి ఉష్ణోగ్రత, ఫ్యాన్, మధ్యలో ఆపే సమయం, ఏ తేమ దగ్గర దించాలన్నది. వీటిలో ఒక్కటీ లేని మోడల్ మిల్లుకు పనికిరాదు, థీసిస్‌కు పనికొస్తే రావచ్చు.

తర్వాత డ్రయ్యర్ ఆపరేటర్ దగ్గర కూర్చోండి. "అన్నా, ఎండిందని ఎట్ల తెలుస్తది నీకు?" అంటే గింజను పంటికింద కొరికి చూపిస్తాడు. తీసిపారేయకండి. ఆయన పంటికి తెలిసిన తేడాను మీ తేమ మీటర్ చాలాసార్లు పట్టుకోలేదు. రాత్రి షిఫ్టులో ఎవరుంటారు, లోడు ఎప్పుడు సగమే నింపుతారు, ఏ రోజు ఊక తడిసి బాయిలర్ మండలేదు, ఇవన్నీ ఆయన దగ్గరే దొరుకుతాయి.

చివరికి ప్రశ్న ఒక్క వాక్యంలో రావాలి: "100 క్వింటాళ్ల లోడు ఇప్పుడు ఎనిమిదిన్నర గంటలు పడుతోంది. నూక పెరగకుండా దాన్ని ఎంతకు తగ్గించవచ్చు, ఏది మార్చి?" దీన్ని కాగితం మీద రాసి సేటుకు చూపించి అవునంటేనే ముందుకు పోండి.

సమీకరణానికి ముందు జమాఖర్చు

కోడ్ తెరవకముందే నీళ్ల లెక్క చేయాలి. ఉడికి వచ్చిన వడ్లలో తేమ 35 శాతం, దించేది 14 శాతం దగ్గర అనుకుందాం. 100 క్వింటాళ్లలో పొడి పదార్థం 65 క్వింటాళ్లు. అది మారదు, నీళ్లే పోతాయి. 14 శాతం దగ్గర మొత్తం బరువు 65 ÷ 0.86, అంటే 75.6 క్వింటాళ్లు. పోవాల్సిన నీళ్లు 24.4 క్వింటాళ్లు. "35 లోంచి 14 తీసేస్తే 21 క్వింటాళ్లు" అని రాసేవాళ్లు ప్రతి బ్యాచ్‌లో ఒకరైనా ఉంటారు. తడి బరువు మీద లెక్కించే శాతాలను అలా తీసివేయకూడదు. మోడల్‌లో ఎప్పుడూ పొడి బరువు మీద తేమ వాడండి: 35 శాతం అంటే 35/65, అంటే 0.538. 14 శాతం అంటే 0.163.

ఇప్పుడు వేడి. కిలో నీళ్లు ఆవిరి కావడానికి సుమారు 2.4 మెగాజౌళ్లు. 2,440 కిలోలకు 5,860 మెగాజౌళ్లు. బాయిలర్, గాలి గొట్టాలు, బయటికి పోయే వేడి అన్నీ కలిపి 43 శాతమే పనికొస్తోందనుకుంటే ఊక నుంచి 13,600 కావాలి. ఊక కిలోకు 13 మెగాజౌళ్ల లెక్కన పదిన్నర క్వింటాళ్లు. ఇదే లోడు నుంచి వచ్చే ఊక వడ్ల బరువులో అయిదో వంతు, అంటే 15 క్వింటాళ్లు. మిగిలిన నాలుగున్నరతోనే నానబెట్టే నీళ్లు కాగాలి, స్టీమ్ రావాలి. లెక్క ఇరుకుగానే ఉన్నా కుదిరింది. మీ లెక్కలో ఊక 40 క్వింటాళ్లని వస్తే ఎక్కడో ప్రమాణం తప్పింది, మిల్లు తప్పు కాదు.

ఈ జమాఖర్చులోంచే సేటు అడగని మాట ఒకటి బయటపడుతుంది. భయానికి 14 దగ్గర ఆపకుండా 12 దాకా ఎండబెడితే బరువు 65 ÷ 0.88, అంటే 73.9 క్వింటాళ్లు. ప్రతి లోడుకు 170 కిలోలకు పైగా ఉత్త గాలికి పోయింది. కాంటా దగ్గర కిలో తరుగుకు రైతుతో పంచాయితీ పడే చోట ఈ నంబర్‌కు వెంటనే చెవి ఒగ్గుతారు.

గాలి ఎంత కావాలి

చాలా జట్లు ఈ అడుగు వదిలేస్తాయి. అసలు దొంగ ఎక్కువసార్లు ఇక్కడే దొరుకుతాడు.

80 డిగ్రీల గాలి లోపలికి పోయి 50 డిగ్రీల దగ్గర బయటికి వస్తోందనుకోండి. కిలో గాలి 30 డిగ్రీలు చల్లబడితే 30 కిలోజౌళ్లు ఇస్తుంది. ఆ వేడితో ఆవిరయ్యే నీళ్లు 30 ÷ 2,400, అంటే 12.5 గ్రాములు. ఆరు గంటల్లో ఎండాలంటే గంటకు 407 కిలోల నీళ్లు పోవాలి. దానికి గంటకు 32,500 కిలోల గాలి. చల్లగాలి లోపలికి లాగే వైపు 35 డిగ్రీల దగ్గర ఘనమీటరుకు 1.15 కిలోల లెక్కన అది 28,000 ఘనమీటర్లకు పైనే.

ఇప్పుడు ఫ్యాన్ దగ్గరికి పోయి కొలవండి. రేకు మీద రాసి ఉన్న నంబర్ నమ్మకండి, అది ఫ్యాక్టరీ నుంచి వచ్చిన రోజు సంగతి. గాలి లోపలికి పోయే గొట్టం 1 మీటరు వెడల్పు, 0.8 మీటరు ఎత్తు ఉంటే దాన్ని తొమ్మిది గళ్లుగా విడదీసి ఒక్కో గడి మధ్యలో ఎనిమోమీటర్ (గాలి వేగం కొలిచే పరికరం) పెట్టి, అర నిమిషం చొప్పున చదివి సగటు తీయండి. మధ్యలో ఒక్క చోటే కొలిస్తే ఎక్కువ చూపిస్తుంది. అంచుల దగ్గర గాలి మెల్లగా పోతుంది కదా. సగటు వేగం సెకనుకు 7 మీటర్లు వచ్చిందనుకుందాం: సెకనుకు 5.6 ఘనమీటర్లు, గంటకు 20,160. అంటే 23,200 కిలోల గాలి, 290 కిలోల నీళ్లు. లోడు మొత్తానికి 8.4 గంటలు.

సేటు చెప్పిన ఎనిమిదిన్నర ఇదే. ఇంకా ఒక్క అవకలన సమీకరణం కూడా రాయలేదు.

గాలి ఎందుకు తగ్గిందన్నది టార్చిలైటుతో చూడాల్సిన పని: గాలిని వేడిచేసే స్టీమ్ కాయిల్ రెక్కల మధ్య ఊకధూళి గట్టిగా పట్టి ఉంటుంది, డ్రయ్యర్ జల్లెడ రంధ్రాల్లో గడ్డి, తాలు ఇరుక్కుంటాయి, ఫ్యాన్ బెల్టు వదులై జారుతుంటుంది. బెల్టు జారుతోందేమో చూడాలంటే మోటార్, ఫ్యాన్ పుల్లీల తిరిగే వేగాలు ట్యాకోమీటర్‌తో చదివి, వాటి నిష్పత్తిని పుల్లీల వ్యాసాల నిష్పత్తితో పోల్చాలి. తిరిగే బెల్టు దగ్గర లూజు చొక్కా, చున్నీ వద్దు. కాయిల్ చల్లారి, ఫ్యాన్ ఆగి, మెయిన్ స్విచ్ దించితేనే లోపల చేయి పెట్టాలి.

తేమ కొలవడం

ప్రతి అరగంటకు ఒక నమూనా. ఒకే చోట కాకుండా మూడు చోట్ల నుంచి తీసి కలపండి. తీసిన వెంటనే మూత గట్టిగా పట్టే డబ్బాలో వేయాలి. వేడి గింజను కాగితం మీద పోసి పేరు రాస్తూ కూర్చుంటే, రాసేలోపే కొంత తేమ ఆరిపోతుంది. చేతి మీటర్లు ఆరిన ధాన్యానికి చేసినవి. 30 శాతానికి పైన, అందులోనూ వేడి మీద, అవి చూపించేది నమ్మదగ్గది కాదు. ల్యాబ్ ఓవెన్‌లో 105 డిగ్రీల దగ్గర 24 గంటలు పెట్టి ముందు, తర్వాత తూచండి. 10 గ్రాముల నమూనాకు 0.01 గ్రాము పలికే త్రాసు కావాలి. ఇంట్లో వంటకు వాడే త్రాసు ఒక గ్రాము అటూఇటూ చూపిస్తే మీ తేమ పది పాయింట్లు ఊగుతుంది.

తేమతో పాటు ప్రతిసారీ రాయాల్సినవి: లోపలి గాలి ఉష్ణోగ్రత, బయటికొచ్చే గాలి ఉష్ణోగ్రత, బయటి వాతావరణం, గడియారం టైము. కనీసం మూడు లోడ్లు. రెండు లోడ్లతో మోడల్ సరిచేసుకుని, మూడోదాన్ని చూడకుండా దాచిపెట్టండి.

అతి చిన్న మోడల్

ఇప్పుడు సమీకరణం. తేమ తగ్గే వేగం = క × (ఇప్పటి తేమ − ఆఖరి తేమ). ఇక్కడ "క" ఎంత త్వరగా ఆరుతోందో చెప్పే స్థిరాంకం. "ఆఖరి తేమ" అంటే ఆ గాలిలో ఎంతసేపు ఉంచినా ఇక తగ్గని స్థాయి. 80 డిగ్రీల గాలికి 0.04 అనుకుని మొదలుపెట్టండి. మొదటి తేమకు, చివరి తేమకు ఆ స్థాయి నుంచి ఉన్న దూరాల నిష్పత్తి (0.538 − 0.04) ÷ (0.163 − 0.04), అంటే 4.06. దాని సహజ సంవర్గమానం 1.40. ఎనిమిదిన్నర గంటలు పట్టింది కాబట్టి క = గంటకు 0.165.

ఈ ఒక్క నంబర్ ఏం చెబుతుందో చూడండి. 35 నుంచి 18 శాతానికి రావడానికి 6 గంటల 11 నిమిషాలు. అక్కడి నుంచి 14కు ఇంకో 2 గంటల 18 నిమిషాలు. మొదటి భాగంలో 85 శాతం నీళ్లు పోయాయి. చివరి 15 శాతం నీళ్ల కోసం పావు వంతుకు మించి సమయం పోయింది. డ్రయ్యర్ ఖాళీ కావాలంటే చేయి పెట్టాల్సిన చోటు ఇదే.

ఎక్సెల్‌లో రెండు వరుసలతో ఇది వస్తుంది, పైథాన్‌లో కర్వ్ ఫిట్‌తో పది లైన్లు. ఇక్కడ జారిపడే గుంటలు రెండు. ఒకటి, మొదటి మూడు గంటల నమూనాలతోనే క, ఆఖరి తేమ రెండూ ఒకేసారి తేల్చాలనుకోవడం. ఒకటి పెంచి ఇంకోటి సర్దితే అదే గీత వస్తుంది కాబట్టి కంప్యూటర్ ఏదో ఒక జంట చెబుతుంది, అది నమ్మదగ్గది కాదు. చివరి రెండు గంటల్లో నమూనాలు పావుగంటకొకటి తీస్తేనే ఆఖరి తేమ తేలుతుంది. రెండు, ఫిట్ గీత కొలతల మధ్యగా అందంగా పోయిందని సంబరపడి తేడాలను విడిగా గీయకపోవడం. తేడాలన్నీ మొదట ఒక వైపు, మధ్యలో ఇంకో వైపు వరుసగా పడుతుంటే మోడల్ ఆకారమే తప్పు. ఈ డ్రయ్యర్‌లో అదే జరుగుతుంది: గాలి చాలనప్పుడు మొదటి గంటల్లో తేమ సరళరేఖలా దిగుతుంది, తర్వాతే వంగుతుంది. సరళరేఖ కనపడినంత మేరా అడ్డు గాలిది, వంపు వచ్చాక అడ్డు గింజది. ఫ్యాన్ దగ్గర కొలిచిన దానికి ఇది రెండో సాక్ష్యం.

మూడో సాక్ష్యం గింజలో ఉంది. గింజను 1 మిల్లీమీటరు వ్యాసార్ధం గల గోళం అనుకోండి. లోపలి నీళ్ల వ్యాప్తి గుణకం 5 × 10⁻¹¹ చదరపు మీటర్లు ప్రతి సెకనుకు అనుకుంటే, వ్యాసార్ధం వర్గాన్ని π వర్గంతోనూ గుణకంతోనూ భాగిస్తే 2,030 సెకన్లు, అంటే 34 నిమిషాలు. లోడు మొత్తం ఆరే కాలప్రమాణం 1 ÷ 0.165, అంటే ఆరు గంటలు. పది రెట్ల తేడా. గుణకంలో రెండు మూడు రెట్లు తప్పు పోయినా తీర్పు మారదు: గింజ నీళ్లు వదలడానికి సిద్ధంగానే ఉంది, పట్టుకుపోయే గాలే లేదు. వేడి పెంచమన్న సలహా ఇక్కడ నూక పెంచడానికి తప్ప పెద్దగా పనికిరాదు.

నూక సంగతి

బియ్యం పగలడం వెనక కారణం తేమ తక్కువై కాదు, గింజ లోపలికీ బయటికీ తేమ తేడా ఎక్కువై. పైపొర ఆరి ముడుచుకుంటుంది, లోపల ఇంకా ఉబ్బి ఉంటుంది, మధ్యలో చీలిక పడుతుంది. ఉప్పుడు వడ్లలో ఈ చీలికలు సుమారు 16 శాతం కిందికి దిగినప్పటి నుంచి పడతాయి. దానికి పైన గట్టిగా ఆరబెట్టినా గింజ తట్టుకుంటుంది. కాబట్టి 35 నుంచి 17, 18 దాకా వేడిగా, వేగంగా. అక్కడ ఆపి, గింజ లోపలా బయటా తేమ సమానమయ్యేలా బిన్‌లో (నిల్వ తొట్టిలో) మగ్గనివ్వాలి. తర్వాత తక్కువ వేడితో 14కు. మగ్గబెట్టే సమయం 34 నిమిషాల కాలప్రమాణానికి మూడు నాలుగు రెట్లు, అంటే కనీసం రెండు గంటలు. గింజ చల్లారితే గుణకం పడిపోతుంది కాబట్టి ఇంకా ఎక్కువ ఇస్తే మంచిదే. ఆ సమయంలో డ్రయ్యర్ ఊరికే ఉండదు, తర్వాతి లోడు తీసుకుంటుంది. ఖాళీ బిన్ ఉందా లేదా అన్నది ముందే అడగండి. బిన్ లేని మిల్లుకు ఈ సలహా ఇస్తే మర్యాదగా టీ తాగించి పంపిస్తారు.

పరీక్ష: ఒకే లోడును రెండుగా చేసి, ఒక సగం మగ్గబెట్టి, ఒక సగం నేరుగా ఆరబెట్టి, రెండింటినీ ల్యాబ్ షెల్లర్‌లో (పొట్టు తీసే చిన్న యంత్రంలో) ఆడించి నూక తూచండి.

దాచిన లోడు, అనుమానం

మూడో లోడు కొలతలు ఇప్పుడు తీయండి. మోడల్ చెప్పిన సమయానికి అరగంటలోపు వస్తే మిల్లు నిర్ణయాలకు చాలు. రాకపోతే ముందు వాతావరణం చూడండి. బయటి వాతావరణంలో తేమ పెరిగి ఆఖరి తేమ 0.04 నుంచి 0.06కు పోతే, అదే క విలువతో సమయం 9 గంటల 20 నిమిషాలు అవుతుంది. ముసురు పట్టిన రోజు కొలిచిన లోడును ఎండాకాలపు లోడుతో కలిపి ఒకే గీత గీస్తే వచ్చే తప్పు ఇదే. ప్రతి అంచనాను పది శాతం అటూఇటూ జరిపి జవాబు ఎంత కదులుతుందో పట్టిక వేయండి. గాలి పది శాతం కదిలితే సమయం పది శాతం కదులుతుంది. ఊక వేడి విలువ కదిలితే సమయం అసలు కదలదు. రెండో రకం నంబర్ల మీద ఒక్క రోజు కూడా ఖర్చు చేయకండి.

వేరే సరుకుకు ఇదే కన్ను

మిర్చి కోల్డ్ స్టోరేజీలో టిక్కీలు (మిర్చి బస్తాలు) గోడలా సందు లేకుండా పేర్చితే లోపలిది ఎప్పుడు చల్లబడుతుంది? మందం వర్గాన్ని ఉష్ణ వ్యాప్తి గుణకంతో భాగించాలి. ఎండు సరుకుకు 10⁻⁷ చదరపు మీటర్లు ప్రతి సెకనుకు అనుకోండి. గాలి తగిలే చోటు నుంచి మధ్యకు 20 సెంటీమీటర్లుంటే నాలుగున్నర రోజులు. ఒక మీటరైతే దాదాపు నాలుగు నెలలు. వరసల మధ్య సందు ఎందుకు వదలాలో చెప్పడానికి ఇంతకు మించి కోడ్ అక్కర్లేదు. బొగ్గు కుప్ప లోపల కాగడం మాత్రం వేరే జాతి: అక్కడ వేడి లోపలే పుడుతుంది, ఉష్ణోగ్రత పెరిగేకొద్దీ ఇంకా వేగంగా పుడుతుంది. దాన్ని ఈ పది రోజుల్లో పెట్టుకోకండి.

సేటుకు ఇచ్చే కాగితం

ఒక పేజీ, తెలుగులో. పైన చేయాల్సిన పని: "కాయిల్, జల్లెడలు శుభ్రం చేసి, బెల్టు బిగించి, గాలి గంటకు 28,000 ఘనమీటర్లకు తెస్తే లోడు ఆరు గంటలకు దగ్గరగా రావాలి. 18 శాతం దగ్గర దించి రెండు గంటలు మగ్గబెట్టండి. 14 దాటించి ఎండబెట్టకండి, లోడుకు 170 కిలోలు పోతున్నయి." కింద ఏది కొలిచాం, ఏది అనుకున్నాం అన్నది రెండు వరుసల్లో. సమీకరణాలు గైడ్‌కు ఇచ్చే రిపోర్టులోకి. ఖర్చు లేని పని ముందు, ఖర్చున్నది తర్వాత రాయండి. కొత్త ఫ్యాన్ కొనమని మొదటి వాక్యంలో రాస్తే రెండో వాక్యం చదవరు.

మిల్లు పేరు, లోడ్ల లెక్కలు థీసిస్‌లో వేయవచ్చా అన్నది మొదటి రోజే రాతపూర్వకంగా అడిగి ఉంచుకోండి, చివరి రోజు కాదు. వచ్చేటప్పుడు ఆపరేటర్ బల్ల దగ్గర ఒక రిజిస్టర్ పెట్టి రండి: తేదీ, లోడు, లోపలి గాలి, బయటి గాలి, ఎక్కించిన టైము, దించిన టైము. బయటికొచ్చే గాలి 50 డిగ్రీల కన్నా బాగా కింద పడి, లోడు సమయం మెల్లగా పెరుగుతుంటే కాయిల్ మళ్లీ మూసుకుపోతోందని ఆయనకే ముందు తెలుస్తుంది.